జియాలజీ, హైడ్రాలజీ, సర్వే: మూడూ చేత్తో నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (దేవరకొండ వైపు)

దేవరకొండ_సివిల్:
అందరికీ నమస్తే. సివిల్ మూడో సంవత్సరం. ఇంజినీరింగ్ జియాలజీ, హైడ్రాలజీ, సర్వేయింగ్ మూడూ పరీక్షకు చదివాను. కానీ నేల మీద నిలబడి ఇది ఏ రాయి, ఈ వాగులో ఎంత నీళ్లు వస్తాయి, ఈ కట్ట ఎంత ఎత్తు అని ఎవరైనా అడిగితే జవాబు రాదు. సెలవులు రెండు నెలలున్నాయి. ఒక ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు కొలిచే మిషన్), నాలుగు మీటర్ల స్టాఫ్ (అంకెల కర్ర) అద్దెకు దొరుకుతాయి. ఫోన్‌లో జీపీఎస్ ఉంది, ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ (పటాలు గీసే సాఫ్ట్‌వేర్) వేసుకున్నాను. మూడింట్లో ఏది ముందు, ఏది తర్వాత? దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు తిరగగలను. పుస్తకాల పేర్లు వద్దు, చేయాల్సిన పని చెప్పండి.

టిప్పన్:
తమ్మీ, ముందుగాల లెవెల్ పట్టుకో. మిగతా రెండూ దాని ఎనక వస్తయ్.

ఊరి దగ్గర ఒక కుంట చూసుకో. పెద్ద చెరువు వద్దు. రెండు మూడు వందల మీటర్ల కట్ట, ఒక తూము, ఒక మత్తడి (కుంట నిండినంక మిగిలిన నీళ్లు పొంగిపోయే గోడ) ఉంటే చాలు. మూడు సబ్జెక్టులూ ఆ ఒక్క కుంట మీదనే నేర్చుకోవచ్చు. మత్తడి నెత్తి ఎత్తు, కట్ట నెత్తి, తూము అడుగు, కట్ట కింద పొలం, ఈ నాలుగు తెలిస్తే కుంట మొత్తం కాయితం మీదికి వచ్చినట్టే. మత్తడి నెత్తి లెవెలే ఎఫ్‌టీఎల్, అంటే కుంట నిండిన నీటి మట్టం. ఆ లెవెల్ పట్టుకుని కుంట చుట్టూ తిరుగుతూ గుర్తులు పెట్టుకుంటూ పోతే శిఖం (నీళ్లు నిలిచే నేల) హద్దు అదే తేలుతది.

అద్దె మిషన్ చేతికి రాంగనే పని మొదలుపెట్టకు. పరీక్ష చెయ్యి. చదునుగ ఉన్న జాగల 60 మీటర్ల దూరంల రెండు మేకులు కొట్టు, ఒకటి ఏ, ఒకటి బి. మిషన్‌ను సరిగ్గ నడుమ, 30 మీటర్ల కాడ నిలబెట్టి రెండు మేకుల మీద స్టాఫ్ చదువు. నడుమ ఉన్నది గనక మిషన్ చూపు మీదికి పోయినా కిందికి పోయినా రెండు దిక్కులా అంతే తప్పు. తీసేస్తే తప్పు కొట్టుకపోతది, వచ్చిన తేడా నిజం. తర్వాత మిషన్‌ను ఏ పక్కకే, రెండు మీటర్ల దగ్గరకు తెచ్చి మళ్ల రెండూ చదువు. ఇప్పుడు వచ్చిన తేడా ముందటి తేడాకు సరిపోవాలె. 60 మీటర్లకు 3 మిల్లీమీటర్లు దాటితే ఆ మిషన్‌ను సర్దించాలె.

ఇంకొకటి. మిషన్‌ల చూస్తే అడ్డంగ మూడు తీగలు కనపడతయ్. నడిమి తీగ ఒక్కటే రాసుకోకు, మూడు తీగలూ రాయి. పై తీగల నుంచి కింది తీగ తీసేసి వందతోని గుణిస్తే స్టాఫ్ దూరం మీటర్లల్ల వస్తది. పైదీ కిందిదీ కలిపి సగం చేస్తే నడిమి తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్లల్ల కలవాలె. కలవలేదంటే చదవడంల తప్పు పోయిందని అక్కడనే తెలుస్తది, ఇంటికి పోయినంక కాదు.

స్టాఫ్ పట్టినోడికి చెప్పు, నిలువుగ పట్టి మెల్లగ ముందుకూ ఎనుకకూ ఊపమని. అన్నిట్ల చిన్న రీడింగ్ తీస్కో. స్టాఫ్ మూడు డిగ్రీలు వంగితే మూడు మీటర్ల రీడింగ్ కాడ 4 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తది. మెత్తటి దుక్కిల టర్నింగ్ పాయింట్ (మిషన్ జరిపేటప్పుడు స్టాఫ్ కదలకుండ ఉంచే చోటు) పెట్టకు. బండ మీదనో, కొట్టిన మేకు మీదనో పెట్టు.

మత్తడి:
టిప్పన్ అన్న చెప్పిన కుంటనే పట్టుకుని హైడ్రాలజీ చెప్తాను. ఒక్క ప్రశ్న చాలు: ఆ కుంట మత్తడి ఎంత పొడవు ఉండాలి? దీనికి జవాబు నీ చేత్తో నువ్వు తేల్చావంటే సగం సబ్జెక్టు వచ్చినట్టే.

మొదట పరీవాహకం, అంటే ఏ నేల మీద పడ్డ వాన ఆ కుంటకు చేరుతుందో ఆ నేల. దేవరకొండ, అచ్చంపేట రెండూ 56 ఎల్ టోపోషీట్ (నేల ఎత్తులు చూపే సర్వే పటం) డిగ్రీలో వస్తాయి. 1:50,000 షీట్ మీద ఒక చదరపు సెంటీమీటర్ అంటే 25 హెక్టార్లు. 120 హెక్టార్ల కుంట పరీవాహకం కాగితం మీద ఐదు చదరపు సెంటీమీటర్లు కూడా ఉండదు. పైగా కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) 20 మీటర్ల తేడాతో ఉంటాయి. మన చెలకల్లో ఆ రెండు గీతల మధ్య కిలోమీటరు నేల ఉండొచ్చు. కాబట్టి షీటు చూసి గీసింది ముసాయిదా మాత్రమే. ఫోన్ పట్టుకుని గట్టు మీద నడవాలి. బండ్ల బాట గానీ, కొత్తగా వేసిన రోడ్డు గానీ నీళ్లను పక్క వాగుకు మళ్లించిందేమో చూడాలి. ఇది ఏ పటంలోనూ కనపడదు. వాన పడ్డ మర్నాడు పోతే ఇసుక గీతలే దారి చూపిస్తాయి.

లెక్క ఇలా పోతుంది. 120 హెక్టార్లలో 20 హెక్టార్లు ఉత్త బండ గుట్ట, 100 హెక్టార్లు ఎర్ర చెలక అనుకుందాం. బండకు రన్‌ఆఫ్ గుణకం (పడ్డ వానలో పారిపోయే వంతు) 0.85, చెలకకు 0.25 వేస్తే సగటు 0.35. దూరపు అంచు నుంచి కుంట దాకా వాగు పొడవు 1,800 మీటర్లు, వాలు వందకు ఒకటి. కిర్పిచ్ సూత్రం ప్రకారం ఆ అంచు నీళ్లు కుంటకు చేరే సమయం = 0.0195 × పొడవు ఘాతం 0.77 × వాలు ఘాతం మైనస్ 0.385. దాదాపు 37 నిమిషాలు వస్తుంది. అంటే నీకు కావాల్సింది 37 నిమిషాల వాన తీవ్రత. అది గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుంటే, 0.35 × 60 × 120 ÷ 360 = సెకనుకు 7 ఘనపు మీటర్లు. దీన్నే రేషనల్ పద్ధతి అంటారు.

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రోజు వాన 100 మిల్లీమీటర్లు అని పేపర్లో చూసి దాన్ని 24తో భాగిస్తారు. గంటకు 4.2 వస్తుంది, ప్రవాహం అర ఘనపు మీటరు తేలుతుంది. అసలు దాంట్లో పద్నాలుగో వంతు! రోజంతా సమానంగా కురిసే వాన మన దగ్గర ఎక్కడుంది? దక్షిణ తెలంగాణలో కుంటలు తెగేది గంట, గంటన్నర దంచి కొట్టిన వానకే. ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు మండలాల్లో ఉన్నాయి. రోజు మొత్తం కాదు, గంట గంటకూ, వీలైతే పావుగంటకూ నమోదైన లెక్క సంపాదించు.

ఇప్పుడు మత్తడి. వెడల్పు నెత్తి ఉన్న మత్తడి మీద ప్రవాహం = 1.7 × పొడవు × నీటి ఎత్తు ఘాతం 1.5. మత్తడి మీద 0.6 మీటర్ల నీళ్లు పోనిస్తే 7 ఘనపు మీటర్లకు 8.9 మీటర్లు, అంటే 9 మీటర్ల మత్తడి కావాలి. కట్ట నెత్తి ఆ నీటి మట్టానికి పైన ఇంకో మీటరైనా ఉండాలి. ఇప్పుడు పోయి అక్కడున్న మత్తడిని టేపుతో కొలిచి చూడు.

చాలా కుంటల దగ్గర ఇంకొకటి కూడా కనిపిస్తుంది. మత్తడి మీద రాళ్లు, ఇసుక బస్తాలు పేర్చి అడుగు నీళ్లు ఎక్కువ ఆపుతారు. ఒక అడుగేగా అనిపిస్తుంది. కానీ 0.6 మీటర్లు పారాల్సిన చోట 0.3 మిగిలితే ఎత్తు సగమైంది గానీ ప్రవాహం సగం కాలేదు, మూడో వంతుకు పడిపోయింది. 7 ఘనపు మీటర్ల మత్తడి 2.5కు వచ్చింది. మిగతా నీళ్లు కట్ట మీద నుంచే దారి చూసుకుంటాయి. మట్టి కట్ట మీద నీళ్లు పారితే ఆ కట్ట నిలవదు. గొలుసుకట్టులో (ఒకదాని కింద ఒకటిగా ఉన్న కుంటల్లో) పై కుంట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కుంట మీద పడతాయి, దాని మత్తడికి ఆ లెక్క ఉండదు. అందుకే పై కుంటలు ఆపే పరీవాహకాన్నీ, నేరుగా నీ కుంటకే వచ్చే పరీవాహకాన్నీ వేరువేరుగా రాసుకో.

పెద్ద వాగులకు రేషనల్ పద్ధతి పనికిరాదు. హైదరాబాద్ రాజ్యం చీఫ్ ఇంజినీర్‌గా చేసిన అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరుతో ఒక వరద సూత్రం ఉంది. జులై 11, ఆయన పుట్టినరోజునే మనం తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటాం. సూత్రం మన నేలదే గానీ ఒక్క జాగ్రత్త: అది చదరపు మైళ్లలో పుట్టింది. విస్తీర్ణం మైళ్లలో వేయాలా, కిలోమీటర్లలో వేయాలా అని చూసుకోకుండా వాడితే 25 చదరపు కిలోమీటర్లకే జవాబు రెండింతలు అవుతుంది.

మొరం_కింద_బండ:
ఇద్దరూ బాగా చెప్పారు. కానీ వరసలో జియాలజీని చివరకు నెట్టడం నాకు నచ్చలేదు. కట్ట ఎక్కడ కూర్చుందో తెలియకుండా దాని ఎత్తు ఎంత కచ్చితంగా కొలిచినా ఏం లాభం?

మన వైపు నేల నిజానికి నేర్చుకోవడానికి చాలా సులువు. నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఎక్కువ భాగం గ్రానైట్, నైస్ (చారల రాయి). పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్ల రాయి, ఆ కింద పరుపు బండ. ఈ నాలుగు పొరలు పుస్తకంలో కాదు, పాత మోట బావిలో చూడు. ఎండిన బావి గోడ ఉచితంగా దొరికే బోర్ లాగ్ (బోరు వేసి రాసుకునే పొరల పట్టిక). టేపు వదిలి ఏ పొర ఎన్ని మీటర్ల దగ్గర మారిందో రాసుకో. గోడలో చెమ్మ మరకలు ఏ పగులు దగ్గర ఉన్నాయో గీసుకో. ఒకే ఊర్లో ఐదారు బావులు చూస్తే మొరం మందం ఎలా మారుతుందో అర్థమవుతుంది. గుట్ట పక్కన రెండు మీటర్లకే బండ తగులుతుంది, వాగు దగ్గర పది మీటర్లు దాటినా తగలకపోవచ్చు. ఒడ్డు మీద నిలబడే చూడు, ఒంటరిగా బావిలోకి దిగకు.

నేల మీద నల్లరాళ్ల కుప్పలు తిన్నగా, గోడ కట్టినట్టు కిలోమీటర్ల కొద్దీ పోతుంటాయి. అది డోలరైట్ డైక్. గ్రానైట్ పగులులోకి ఎగదన్నుకు వచ్చి గడ్డకట్టిన రాయి. భూగర్భ నీటికి చాలాచోట్ల అడ్డుకట్టలా పనిచేస్తుంది. దానికి ఎగువ వైపు బావుల్లో నీళ్లుండి, దిగువ వైపు ఎండిపోతే కారణం అదే కావచ్చు. కంపాస్‌తో దాని దిశ రాసుకుని, రెండు వైపులా బావుల నీటి మట్టం కొలువు. జియాలజీ, హైడ్రాలజీ, లెవెల్ మూడూ కలిసే పని ఇదే. నీటి మట్టాలు పోల్చాలంటే ఒడ్డు నుంచి లోతు చాలదు, ఒడ్డు ఆర్ఎల్ (ఒకే స్థిర గుర్తు నుంచి లెక్కేసిన ఎత్తు) కావాలి.

ఇక అసలు ప్రమాదం: గుండును చూసి బండ అనుకోవడం. గ్రానైట్ మూలల నుంచి మొదలై గుండ్రంగా శిథిలమవుతుంది. మొరం మధ్యలో ఇల్లంత గుండ్లు మిగిలిపోతాయి. డ్రిల్లింగ్‌లో 4 మీటర్ల దగ్గర గట్టి రాయి తగలగానే 'షీట్ రాక్' అని రాసి ఆపేస్తే, ఆ గుండు కింద మళ్లీ మెత్తటి మొరం ఉండొచ్చు. పునాదిలో సగం గుండు మీద, సగం మొరం మీద పడితే ఒకవైపే దిగుతుంది. కనీసం మూడు మీటర్లు రాయిలోకి పోయి, కోర్ (డ్రిల్లింగ్‌లో బయటికొచ్చే రాతి కడ్డీ) తీసి చూడాలి.

కోర్ ఎలా చదవాలో ఒక ఉదాహరణ. ఒకటిన్నర మీటర్ల రన్‌లో (ఒక్క విడతలో డ్రిల్ చేసిన పొడవులో) ముక్కలు 22, 18, 14, 31, 12, 8, 6 సెంటీమీటర్లు వచ్చాయి. పది సెంటీమీటర్లు, అంతకు పైన ఉన్నవే లెక్క: 22+18+14+31+12 = 97. దాన్ని 150తో భాగిస్తే ఆర్‌క్యూడీ (రాయి నాణ్యత అంకె) 65 శాతం, ఓ మాదిరి రాయి. ముందు ఒక పని చేయాలి. ప్రతి విరుగును చేతిలోకి తీసుకుని చూడు. తాజాగా, మెరుస్తూ, గరుకుగా ఉంటే డ్రిల్లింగ్‌లో విరిగింది, ఆ రెండు ముక్కలూ కలిపి ఒకటిగా కొలవాలి. తుప్పు రంగో, మట్టి పూతో ఉంటే అది నేలలోనే ఉన్న పగులు. ఈ తేడా చూడకపోతే మంచి రాయిని చెడ్డదనీ, చెడ్డదాన్ని మంచిదనీ రాస్తాం.

ఎస్‌పీటీ గురించి కూడా. స్పూన్ అనే గొట్టాన్ని సుత్తి దెబ్బలతో దించి నేల గట్టిదనం చూసే పరీక్ష ఇది. 63.5 కిలోల సుత్తి, 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు లెక్కలోకి రావు, తర్వాతి 30 సెంటీమీటర్ల దెబ్బల సంఖ్యే ఎన్. మొరంలో చిన్న రాయి ముక్క స్పూన్ మూతికి అడ్డం పడితే ఎన్ అమాంతం పెరుగుతుంది. ఒక్క లోతులో 60 వచ్చి పైనా కిందా 18, 20 ఉంటే ఆ అరవైని నమ్మకు.

రేగడి దొరికిన చోట ఫ్రీ స్వెల్ పరీక్ష (మట్టి ఎంత ఉబ్బుతుందో చూసేది) చేయి, ఇంట్లోనే అవుతుంది. ఆరబెట్టి 425 మైక్రాన్ జల్లెడ పట్టిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు వంద మిల్లీలీటర్ల కొలజాడీల్లో. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్. గాలి బుడగలు పోయేలా కలిపి 24 గంటలు వదిలెయ్. నీళ్లలో 18, కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్లు అయితే ఉబ్బు 80 శాతం. కట్ట నడుమ, కటాఫ్ ట్రెంచ్‌లో (కట్ట కింద ఊటను ఆపేందుకు తవ్వి నింపే కందకంలో) రేగడి మంచిదే, నీళ్లను ఆపుతుంది. కానీ కట్ట బయటి వాలుకు వద్దు. ఎండకు నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లోకి వాన నీళ్లు దిగుతాయి. పైన మొరం తొడుగు వేసేది అందుకే.

అచ్చంపేట వైపు పోతావు కాబట్టి అమ్రాబాద్ గుట్టలెక్కే దారిలో గ్రానైట్ ఎక్కడ ఆగి పొరలు పొరల క్వార్ట్‌జైట్ ఎక్కడ మొదలవుతుందో చూడు. లంబాపూర్, పెద్దగట్టు దగ్గరా అదే హద్దు. ఈ రెండు రాళ్ల మధ్య కోట్ల ఏళ్ల ఎడం ఉంది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు దాటితే సున్నపురాయి, అక్కడ లోపల నీళ్లు తొలిచిన బొర్రలుంటాయి. డ్రిల్లింగ్ నీళ్లు తిరిగి పైకి రాకుండా మాయమైతే ఆ లోతు తప్పక రాసుకోవాలి. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. రాయి నలిగిన చోట నీళ్లు ఊరుతుంటే ఏమవుతుందో మన వైపే చూశాం. పగులును, ఊటను గుర్తుపట్టడం మార్కుల కోసం నేర్చుకునేది కాదు తమ్ముడూ.

పటం_గీత:
క్యూజీఐఎస్ వాడతానన్నావు కాబట్టి మూడే మాటలు.

78 డిగ్రీల తూర్పు రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణం దగ్గరగా పోతుంది. యూటీఎం (చోటును మీటర్లలో చెప్పే పటం పద్ధతి) 43, 44 జోన్ల హద్దు అదే. దేవరకద్ర, నారాయణపేట, గద్వాల 43లో, జడ్చర్ల, దేవరకొండ, నల్గొండ 44లో. ఒక ఫైల్ 43లో, ఇంకోటి 44లో పెట్టి కలిపితే పాయింట్లు ఎక్కడో పడతాయి. నీ పని మొత్తం 44లోనే ఉంచు.

డీజీపీఎస్ (కచ్చితమైన సర్వే జీపీఎస్) ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం) నుంచి. మన దగ్గర ఆ రెండింటికీ తేడా 70 మీటర్లకు పైనే, ఎలిప్సాయిడ్ అంకె తక్కువ వస్తుంది. ఆ తేడాను సరిచేసే జియాయిడ్ దిద్దుబాటు లేకుండా కాలువ డ్రాయింగ్ ఆర్ఎల్‌తో పోల్చకు. ఫోన్ జీపీఎస్ ఎత్తును అసలు దేనికీ వాడకు.

30 మీటర్ల డీఈఎం (నేల ఎత్తుల డిజిటల్ పటం) మీద పరీవాహకం గీసేటప్పుడు 'ఫిల్ సింక్స్' నొక్కగానే కుంటలన్నీ పూడిపోయి నేల చదునవుతుంది, రోడ్డు కట్టలు వాగును అడ్డంగా ఆపేస్తాయి. చిన్న కుంటకు మత్తడి గారు చెప్పినట్టు నడవడమే సరి.

దేవరకొండ_సివిల్:
అందరికీ చాలా థ్యాంక్స్. కుంట దొరికింది, లెవెల్ కొట్టాను. టీబీఎం (తాత్కాలికంగా పెట్టుకున్న ఎత్తు గుర్తు) 100.000 అనుకుని మొదలుపెట్టి, కట్ట, మత్తడి, తూము తీసుకుని మళ్లీ టీబీఎంకు వచ్చాను. చుట్టు 1.44 కిలోమీటర్లు, 18 సెటప్‌లు. బ్యాక్ సైట్ల (వెనక చూపుల) మొత్తం నుంచి ఫోర్ సైట్ల (ముందు చూపుల) మొత్తం తీసేస్తే ఆర్ఎల్ తేడాకు సరిపోయింది. కానీ తిరిగొచ్చేసరికి టీబీఎం 100.036 వచ్చింది. లెక్క సరిపోయాక తప్పెక్కడ? టిప్పన్ అన్న చెప్పిన పరీక్ష పని మొదలుపెట్టే ముందు చేయలేదు, తర్వాత చేశాను. నడుమ నుంచి ఏ 1.425, బి 1.610. ఏ పక్క నుంచి ఏ 1.505, బి 1.702. తీగలు మూడూ రాశాను. దాదాపు అన్ని సెటప్‌లలో వెనక చూపు 45 మీటర్లు, ముందు చూపు 35 మీటర్లు.

టిప్పన్:
తప్పు నీ రాతలనే దొరికింది తమ్మీ, చూడు.

ఆ మొత్తాల లెక్క నువ్వు కూడికలు, తీసివేతలు సరిగ్గ చేసినవా అనేది ఒక్కటే చెప్తది. స్టాఫ్ తప్పు చదివినా, మిషన్ వంకరున్నా ఆ లెక్క సరిపోతనే ఉంటది. నేల మీద తప్పు పట్టేది తిరిగొచ్చి మూసిన లెవెలే.

నడుమ నుంచి నిజం తేడా 0.185. ఏ పక్క నుంచి 0.197. బి కాడ 1.690 రావాలె, 1.702 వచ్చింది. అంటే 60 మీటర్లకు 12 మిల్లీమీటర్లు చూపు మీదికి పోతంది. మీటరుకు 0.2. ఒక్కో సెటప్‌ల వెనక చూపు పది మీటర్లు ఎక్కువ, 18 సెటప్‌లకు 180 మీటర్లు. 180 ఇంటూ 0.2, సరిగ్గ 36 మిల్లీమీటర్లు. బ్యాక్ సైట్ ఎక్కువ చదివితే ఆర్ఎల్ పెరుగుతది, నీదీ పెరిగింది.

1.44 కిలోమీటర్లకు పనికొచ్చే తప్పు 12 ఇంటూ వర్గమూలం 1.44, అంటే 14 మిల్లీమీటర్లు. కాబట్టి మళ్ల కొట్టు. మిషన్‌ను దుకాణంల సర్దించు. అప్పటి దాకా వెనక చూపు, ముందు చూపు రెండు మీటర్ల తేడా లోపల ఉంచుకుంటే ఇదే మిషన్‌తో టర్నింగ్ పాయింట్లు మంచిగనే వస్తయ్. నడుమ తీసుకున్న ఇంటర్మీడియట్ రీడింగుల కాడ మాత్రం ఆ రీడింగుకూ, ఆ సెటప్ వెనక చూపుకూ రెండింటికీ దూరం బట్టి మీటరుకు 0.2 మిల్లీమీటర్లు తీసెయ్. మత్తడి నెత్తి అట్ల తీసుకున్నవా చూస్కో.

ఇంకొక మాట గుర్తుంచుకో. ఎక్కేటప్పుడు వెనక చూపు పొడుగు, ముందు చూపు పొట్టి పెట్టి, దిగేటప్పుడు తిరగేస్తే చుట్టు మూసినప్పుడు తప్పు సున్నా కనపడతది. కానీ గుట్ట మీది ఆర్ఎల్ మాత్రం తప్పే ఉంటది. మూసినప్పుడు మంచిగ వచ్చిందని దూరాలు చూడకుండ వదలకు.

దేవరకొండ_సివిల్:
మళ్లీ కొట్టాను అన్నా, దూరాలు సమానంగా పెట్టి. ఈసారి 100.008. మత్తడి నెత్తిని కూడా టర్నింగ్ పాయింట్‌గా తీసుకున్నాను, తొమ్మిదో సెటప్ చివర. మత్తడి పొడవు టేపుతో 6.2 మీటర్లు.

టిప్పన్:
8 మిల్లీమీటర్లు, 14 లోపలనే ఉంది. సెటప్‌ల లెక్కన పంచు. తొమ్మిదో సెటప్ కాడ సగం, 4 మిల్లీమీటర్లు తీసేసి మత్తడి ఆర్ఎల్ రాయి.

మత్తడి:
6.2 మీటర్ల మత్తడి 0.6 ఎత్తున 4.9 ఘనపు మీటర్లే వదులుతుంది. నీ కుంట పరీవాహకం, వాలు, బండ వాటా కొలిచి పెట్టు, నా అంకెలు ఉదాహరణకు వేసినవి. కట్ట నెత్తి ఆర్ఎల్ ప్రతి 10 మీటర్లకూ కావాలి. సగటు వద్దు, అన్నిటికన్నా తక్కువ ఉన్న చోటు ఎక్కడో చెప్పు. నీళ్లు ముందు ఎక్కేది అక్కడే.